మీటరు వేరైతే ఇల్లు వేరవుతుందా?

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు నుంచి ఒక గృహిణి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరంతో పాటు ఏడాది కరెంటు బిల్లులు ఫొటోలు తీసి పంపారు. ఆవిడ రాసిన దాని సారాంశం ఇది.

120 గజాల్లో మామగారు కట్టిన ఇల్లు. కింద అత్తామామలు, పైన ఆవిడ, భర్త, ఇద్దరు పిల్లలు. వంట మాత్రం అందరికీ కలిపి కిందే. పైన కూడా వంటగది ఉంది గానీ అందులో టీ తప్ప ఏమీ పెట్టరు. మీటరు ఒక్కటే, మామగారి పేరు మీద. రెండేళ్ల కింద మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచం మీదే ఉంటారు. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆయన గదిలో ఏసీ వేస్తారు. పైన పడకగదిలో రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 5 దాకా ఇంకో ఏసీ నడుస్తుంది.

చలికాలంలో 230 యూనిట్లకు 1,400 దాకా వచ్చే బిల్లు ఏప్రిల్‌లో 480 యూనిట్లకు 3,650 అయింది. మేలో 520 యూనిట్లకు నాలుగు వేలు దాటింది. భర్త జీతం 42,000. ఫీజులు, మందులు, ఫిజియోథెరపీ అన్నీ అందులోంచే. బిల్లు వచ్చిన సాయంత్రం ఆయన కిందికి వెళ్లి తండ్రి గదిలో ఏసీ కట్టేశారు. ఆ రాత్రి అత్తగారు అన్నం ముట్టలేదు. పుణేలో ఉన్న మరిది పండక్కి వచ్చి చూసి వెళ్తాడు, ఖర్చు సంగతి ఎత్తడు.

భర్త స్నేహితుడు ఒకరు పైన వేరే మీటరు పెట్టించుకుంటే బిల్లు తగ్గుతుందన్నారు. కింది మీటరుకు అత్తామామల రేషన్ కార్డు పెడితే ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు కూడా వస్తుందన్నారు. ఆ మాట విని అత్తగారు ఏడ్చారట: "మీటరు వేరైతే ఇల్లు వేరైనట్టే. ఆయన ప్రాణంతో ఉండగా ఈ ఇంట్లో ఆ మాట రావద్దు." ఇంకోపక్క ఒక ఎలక్ట్రీషియన్ 5,000 ఇస్తే మీటరు మెల్లగా తిరిగేలా చేస్తానంటున్నాడు. ఈవిడ ఇంట్లో కుట్టుమిషన్ మీద నెలకు నలభై జాకెట్ల దాకా కుడతారు. అది చూసిన లైన్‌మన్, కమర్షియల్ కింద రాయాల్సి వస్తుందని చెప్పి వెళ్లాడు. సోలార్ పెట్టించాలంటే అప్పు చేయాలి, పైగా ఇంట్లో మరిదికి కూడా వాటా ఉంది. "కింద ఏసీ స్విచ్ చప్పుడైతే చాలు నాకు గుండె దడ వస్తోంది. ఏం చేస్తే ఈ టెన్షన్ పోతుంది?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదివాను. మీ ఇంట్లో అందరూ బిల్లు కింద ఉన్న మొత్తాన్ని చూసి బాధపడుతున్నారు గానీ, ఆ మొత్తం ఎలా తయారైందో ఎవరూ కూర్చుని చూసినట్టు లేదు. ముందు అది చూద్దాం.

మీ బిల్లులు తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారమే వేశారు. నేను లెక్క కట్టి సరిచూశాను. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున పడతాయి. 100 దాటి 200 లోపు అయితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది. మొదటి 200 యూనిట్లూ 5.10 చొప్పున, అక్కడి నుంచి 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, ఆపైన 800 దాకా 9.50.

దీని అర్థం ఏమిటో ఒక్క లెక్కలో చూడండి. సరిగ్గా 200 యూనిట్లు వాడితే కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 201 వాడితే 1,027.70. ఆ ఒక్క యూనిట్‌కు మీరు కట్టేది 207 రూపాయల 70 పైసలు.

మీ మే నెలకు వద్దాం. 520 యూనిట్లకు కరెంటు ఛార్జీ 3,830. మిగతాది కస్టమర్ ఛార్జీ, స్థిర ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం. చలికాలంలో 230 యూనిట్లకు ఛార్జీ 1,251. వాడకం రెండింతలకు కాస్త ఎక్కువ పెరిగితే ఛార్జీ మూడింతలైంది. రేట్లు పెంచేశారని మీవారు అంటున్నారని రాశారు. ఈ ఏడాది మీ బిల్లుల్లో యూనిట్ ధర ఎక్కడా మారలేదు. మీ వాడకం పై స్లాబుల్లోకి, అంటే ఎక్కువ ధర పడే మెట్లలోకి వెళ్లింది, అంతే. 400 దాటిన చివరి 120 యూనిట్లకే 1,140 రూపాయలు పడ్డాయి. మీ ఇంట్లో గొడవంతా నిజానికి ఆ 120 యూనిట్ల దగ్గరే ఉంది.

మరి ఆ యూనిట్లు ఎవరివి? చలికాలానికీ మే నెలకూ తేడా 290. కింద ఉన్నది ఎనిమిదేళ్ల పాత ఒకటిన్నర టన్నుల ఏసీ అన్నారు. అలాంటిది గంటకు సుమారు 1.3 యూనిట్లు తీసుకుంటుంది. రోజుకు నాలుగు గంటలంటే నెలకు 155 దాకా. పైన ఉన్నది కొత్త ఇన్వర్టర్ ఏసీ, గంటకు 0.7 వేసుకున్నా ఏడు గంటలకు రోజుకు ఐదు యూనిట్లు, నెలకు 150. అంటే వేసవిలో పెరిగిన దానిలో సగం కింది గదిది, సగం పై గదిది. ఇంట్లో మాట పడుతున్నది మాత్రం కింది గది ఒక్కటే.

మీవారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఒక్క జీతం మీద ఆరుగురిని మోస్తున్న మనిషికి మధ్యాహ్నం ఏసీ కళ్ల ముందు నడుస్తూ కనిపిస్తుంది, రాత్రి తాను నిద్రలో ఉన్నప్పుడు నడిచేది కనిపించదు. మనలో ఎవరికైనా అంతే. కానీ ఈ లెక్క ఆయన చూడాలి. మీరు నోటితో చెబితే వాదన అవుతుంది. ఇదే లెక్క కాగితం మీద రాసి, రెండు ఏసీలను పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇప్పుడు ఆ 120 యూనిట్లు ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఎక్కడ తగ్గుతాయో చూద్దాం. మామగారి గదిలో ఫ్యాను రోజంతా ఆగకుండా తిరుగుతుందన్నారు. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల దగ్గర తిరుగుతాయి. ఇరవై నాలుగు గంటలూ తిరిగే ఆ ఒక్క ఫ్యాను మారిస్తే నెలకు 32 యూనిట్లు మిగులుతాయి. వేసవిలో మీరున్న స్లాబులో అది 300 రూపాయలు. ఫ్యాను ఖరీదు మూడు వేల అటూఇటూ. పిల్లలు చదువుకునే హాల్లో ఫ్యాను కూడా మారిస్తే ఇంకో ఇరవై. మిగతా మూడూ ఇప్పుడే మార్చక్కర్లేదు, అవి తక్కువ గంటలు తిరుగుతాయి.

బోరు మోటారు సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, అది చిన్నది కాదు. ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు రోజూ గంటన్నర నడిస్తే నెలకు 60 యూనిట్లు. ట్యాంకు నిండి నీళ్లు కిందికి కారుతుంటే పక్కింటివాళ్లు కేకేస్తారని రాశారు కదా. మా ఇంట్లో కూడా ఏళ్లపాటు అలాగే జరిగింది. కొన్ని వందలు పెట్టి ట్యాంకులో అలారం పెట్టించాక మోటారు నడిచే సమయం మూడో వంతు తగ్గింది. మీకూ అలాగే తగ్గితే 20 యూనిట్లు.

ఇక ఏసీ. కింద 20 మీద పెడుతున్నామని రాశారు. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 మీద మొదలవ్వాలని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందన్నది దాని వెనక ఉన్న లెక్క. 25 లేదా 26 మీద పెట్టి, ఫ్యాను మెల్లగా తిప్పుతూ చూడండి. అయితే పక్షవాతం వచ్చిన మనిషికి ఎంత చల్లదనం ఉండాలో నేనూ చెప్పకూడదు, మీరూ నిర్ణయించకూడదు. ఫిజియోథెరపీ చేయడానికి వచ్చేవారి ద్వారానో, నేరుగానో డాక్టర్‌ను అడగండి. ఆయన చెప్పిన అంకె ఆ గది గోడ మీద రాసి పెడితే ఇంట్లో ఎవరూ ఎవరినీ అనే పని ఉండదు. ఆ గదికి పడమటి కిటికీ ఉందన్నారు కాబట్టి బయటివైపు వట్టివేళ్ల తడక గానీ, మందపాటి చాప గానీ దించండి. ఎండ లోపలికొచ్చాక పరదా వేస్తే పెద్ద లాభం లేదు. పై ఏసీని కూడా 26 మీద పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి ఆగేలా టైమర్ పెట్టండి. ఈ రెండు గదుల్లో కలిపి 50 యూనిట్లు తగ్గుతాయని తక్కువలో తక్కువ వేస్తున్నాను.

అన్నీ కలిపితే 120. అప్పుడు మే నెల 520 కాస్తా 400 అవుతుంది, ఛార్జీ 2,690. నెలకు 1,140 మిగిలింది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, రెండో మీటరు దగ్గర మళ్లీ దీనితో పని ఉంది.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేయండి. ఒక రోజు ఉదయం మామగారి ఎయిర్ బెడ్‌కు, అంటే కరెంటుతో గాలి నిండే పరుపుకు, ఇబ్బంది లేని పది నిమిషాలు చూసుకుని, ఇంట్లో ప్రతి స్విచ్ కట్టేసి, ఫ్రిజ్, ఇన్వర్టర్ ప్లగ్‌లు కూడా తీసేసి, మీటరు మీద ఎర్ర చుక్క మిణుకుతోందేమో చూడండి. మిణుకుతుంటే వైరింగ్‌లో ఎక్కడో లీకేజీ ఉంది. అది డబ్బుకే కాదు, ప్రాణానికీ ప్రమాదం. అప్పుడు ముందు నమ్మకమైన ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఐదు వేలకు మీటరు మెల్లగా తిప్పుతానన్న మనిషిని మాత్రం మళ్లీ గడప తొక్కనివ్వకండి. అది విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 135 కింద దొంగతనం, మూడేళ్ల దాకా జైలు ఉంది. మీటరు మామగారి పేరు మీద ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు కేసు రాస్తే మంచం మీద ఉన్న ఆయన పేరు మీదే రాస్తారు. మీవారు ఆ మాట విని ఊరుకున్నారే తప్ప సరే అనలేదని రాశారు. ఇక దాన్ని తలుచుకునే పని కూడా లేదని చెప్పండి.

లైన్‌మన్ రీడింగ్ తేదీల మీద మీకు అనుమానం ఉందన్నారు. చూశాను. 30, 31 రోజుల తేడాతోనే తీశారు, అక్కడ తప్పు లేదు. ఎప్పుడైనా 34, 35 రోజులు దాటితే, స్లాబును రోజుల లెక్కన సరిచేశారా అని కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు రెండో మీటరు. మీ ఇంట్లో అందరినీ బాధపెట్టింది ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఒకే ఇంట్లో రెండో గృహ కనెక్షన్ ఎప్పుడు ఇవ్వాలన్న దానికి డిస్కంల, అంటే కరెంటు పంపిణీ సంస్థల నియమాల్లో ఒక కొలబద్ద ఉంది. అది వంటగది. వేరే వంటగది ఉన్న కుటుంబాన్ని వేరే కుటుంబంగా లెక్కిస్తారు. మీ అత్తగారు ఏ నియమమూ చదవకుండానే అన్న మాట ఇది. పొయ్యి ఒక్కటైతే ఇల్లు ఒక్కటి, ఇల్లు ఒక్కటైతే మీటరు ఒక్కటి. ఆవిడది ఉత్త సెంటిమెంట్ అని మీవారు అన్నారట. ఆవిడ మాట నియమానికి కూడా దగ్గరగా ఉందని ఆయనకు చెప్పండి.

పైన గట్టు, సింకు ఉన్నాయి కాబట్టి అధికారి వచ్చి చూసి కనెక్షన్ ఇచ్చేయవచ్చు. ఇచ్చాక కూడా ఒకే కుటుంబం స్లాబు తప్పించుకోవడానికి విడగొట్టుకుందని తేలితే రెండు సర్వీసులనూ కలిపి ఒకటిగా లెక్కించే అధికారం వాళ్లకు ఉంటుంది. కాబట్టి కాగితం మీద రెండు వంటగదులు చూపించి ఒకే చోట వండుకోవడం అనే దారిని నేను సలహా ఇవ్వను.

నిజంగానే పైన వేరుగా వండుకోవాలని మీరు నిర్ణయించుకుంటే అది మీ హక్కు, అందులో తప్పేమీ లేదు. అప్పుడు ఎంత మిగులుతుందో చూడండి. మే నెలలో కింద 310, పైన 210 వాడారనుకుందాం. కింద 1,880, పైన 1,097. రెండూ కలిపి 2,977. ఒకే మీటరు మీద 3,830 కదా, 853 మిగిలినట్టు. అందులో రెండో మీటరు కస్టమర్ ఛార్జీ వల్ల ఎనభై దాకా పోతుంది. చలికాలంలో 230 యూనిట్లు 130, 100గా విడిపోతే నెలకు 450 దాకా మిగులుతుంది. ఏడాది మొత్తం మీద ఆరేడు వేలు. దానికి ముందు కొత్త కనెక్షన్ ఖర్చు, పైఅంతస్తు వైరింగ్ మొత్తం విడదీసే ఖర్చు ఉంటాయి. ఫేజ్ తీగ ఒక్కటీ మార్చి న్యూట్రల్ తీగ కలిపి ఉంచే అరకొర పని అసలు చేయించకండి, అది చాలా ప్రమాదం. రెండు చోట్లా గ్యాసు, కూరలు, పొద్దున్నే మీకు రెట్టింపు పని. అత్తగారు ఒక్కరే మామగారిని చూసుకుంటూ కింద వండుకోగలరా అన్నది ఇంకో ప్రశ్న.

ఇప్పుడు పైన చెప్పిన 1,140 గుర్తు తెచ్చుకోండి. వేసవి నెలల్లో ఇల్లు విడదీసుకుంటే మిగిలే దానికంటే, విడదీయకుండా 120 యూనిట్లు తగ్గించుకుంటే మిగిలేది ఎక్కువ.

గృహజ్యోతి సంగతి కూడా చెబుతాను. 2024 మార్చి నుంచి రేషన్ కార్డు ఉన్న అర్హులకు 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు ఇస్తున్నారు. 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాలి. కింది మీటరు వేసవిలో ఎలాగూ 200 దాటుతుంది. అసలు చిక్కు కార్డు దగ్గర ఉంది. అందులో మీవారి పేరు ఇంకా ఉందని రాశారు. పట్టణాల్లో రేషన్ కార్డుకు, అంటే ఆహార భద్రత కార్డుకు, కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. ఆయన జీతం ఏడాదికి ఐదు లక్షలు దాటింది. ఆ కార్డు పెట్టి సున్నా బిల్లు తీసుకుంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు. ఉత్తరంలో మీరే "అది మనకు న్యాయమా?" అని రాసుకున్నారు. కాదమ్మా.

కుట్టు విషయంలో మీ భయం నాకు అర్థమైంది. గృహ కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే అదే విద్యుత్ చట్టంలో సెక్షన్ 126 కింద అనధికార వినియోగంగా లెక్కగట్టి, వర్తించే ధరకు రెండింతలు వేస్తారు. ఎప్పటి నుంచి జరుగుతోందో తేలకపోతే వెనక్కి 12 నెలలు వేయవచ్చు. లైన్‌మన్ నోటిమాటతో కంగారు పడకుండా మీ ప్రాంతపు కరెంటు ఆఫీసులో అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కి ఒక కాగితం రాయండి: ఇంట్లో ఒకే మిషన్ ఉంది, బోర్డు లేదు, పనివాళ్లు లేరు, నెలకు ఇన్ని జాకెట్లు కుడతాను, ఇది ఏ కేటగిరీ కిందికి వస్తుందో రాతపూర్వకంగా చెప్పండి అని. కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒకవేళ కమర్షియల్ అంటే కూడా కొంప మునిగిపోదు. మీ మిషన్ మోటారు, ఇస్త్రీపెట్టె కలిపి నెలకు 25 యూనిట్లు దాటవు. నెలకు 50 యూనిట్ల లోపు వాడే కమర్షియల్ కనెక్షన్‌కు యూనిట్ 7 రూపాయలు. 175 రూపాయలు, దాని పైన ఇంటి కనెక్షన్ కంటే ఎక్కువగా ఉండే స్థిర ఛార్జీ. నలభై జాకెట్ల సంపాదన ముందు అది మోయగలిగిన ఖర్చే. లేదూ, తొక్కుడు మిషన్‌కే తిరిగి వెళ్తానంటే అదీ ఒక దారి. కానీ మీ మోకాళ్ల నొప్పి సంగతి మీరే రాశారు, అందుకని దాన్ని ముందు పెట్టడం లేదు.

ఇక సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడోదానికి 18,000 సబ్సిడీ ఇస్తారు. అందుకే అందరూ 78,000 వస్తుంది, మూడు కిలోవాట్లు పెట్టించుకోండి అంటారు. మీ బిల్లులు చూస్తే మీకు రెండు చాలు. ఒక కిలోవాట్ మన ఎండకు నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తుంది. రెండు కిలోవాట్లు 240. ఏడాదిలో ఎక్కువ నెలలు మీ వాడకం 230 దగ్గరే కాబట్టి ఆ నెలల్లో కరెంటు ఛార్జీ దాదాపు ఉండదు. మేలో 520లోంచి 240 పోతే 280, ఛార్జీ 1,636. వాడకం ముందే 400కు తగ్గించుకుంటే మిగిలేది 160, ఛార్జీ 628. ఏడాదికి పదిహేడు, పద్దెనిమిది వేలు మిగులుతుంది. సబ్సిడీ పోను చేతి ఖర్చు ఎనభై, తొంభై వేల దగ్గర ఉంటుందని నా అంచనా. కనీసం మూడు కొటేషన్లు తెప్పించుకుని చూడండి. ఐదేళ్లలో తిరిగి వస్తుంది.

ఇందులో మూడు సంగతులు ముందే తెలిసి ఉండాలి. సోలార్ ఒక మీటరుకే ముడిపడుతుంది. ఇవాళ సోలార్ పెట్టించి రేపు మీటర్లు వేరు చేస్తే లాభం ఒక అంతస్తుకే పోతుంది, కాబట్టి ఆ రెండింటిలో ఏదో ముందే తేల్చుకోవాలి. రెండోది, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. మామగారి ఎయిర్ బెడ్ కోసం మీరు కొన్న ఇన్వర్టర్‌ను అమ్మకండి. మూడోది పేరు. దరఖాస్తు మీటరు ఎవరి పేరు మీద ఉంటే వారి పేరు మీదే ఉండాలి, సబ్సిడీ కూడా వారి ఖాతాలోకే వస్తుంది. మామగారి బ్యాంకు ఖాతా, ఆధార్ సరిగ్గా ఉంటే ఆయన వేలిముద్రతో జరుగుతుందేమో బ్యాంకులో అడగండి. అప్పు ఆయన వయసుకు దొరకకపోతే, ఆయన అంగీకారంతో సర్వీసును మీవారి పేరుకు మార్చుకోవాలి. మీటరు పేరు మారినంత మాత్రాన ఇంటి మీద హక్కు మారదు. ఈ మాట మీ మరిదికి ముందే చెప్పాలి. పుణేలో కూర్చుని "అన్నయ్య మీటరు తన పేరున రాయించుకున్నాడట" అని ఇంకొకరి నోట వింటే అది కరెంటు గొడవగా ఉండదు.

మరిదితో మాట్లాడే పని మీది కాదు, మీవారిది. డబ్బు పంపమని మొదలుపెట్టవద్దనండి. బిల్లుల ఫొటోలు, మందుల ఖర్చు రాసిన కాగితం పంపి, "నాన్న ఖర్చు నెలకు ఇంత అవుతోంది, సోలార్ పెడితే ఇంత తగ్గుతుంది, నువ్వు ఏ భాగం పెట్టగలవు?" అని అడగమనండి. అతను సగం పెట్టవచ్చు, ఏమీ పెట్టకపోవచ్చు. ఏమీ పెట్టకపోతే, ప్యానెళ్ల ఖర్చు ఎవరు పెట్టారో, వాటాలు పంచుకునే రోజు వాటిని ఎవరు తీసుకుంటారో అన్నదమ్ములిద్దరూ ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోవాలి. అలాంటి కాగితం అడగడం అవమానం అనుకునే ఇళ్లలోనే తర్వాత పెద్ద తగవులు రావడం చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అతను కాగితానికి కూడా ఒప్పుకోకపోతే సోలార్ ప్రస్తుతానికి ఆపండి. ఫ్యాన్లు, మోటారు అలారం, ఏసీ మార్పులతో ఈ వేసవి గట్టెక్కవచ్చు.

మీరు నన్ను ఏది ముందు అని అడిగితే, ఫ్యాను మార్చడం ముందు అంటాను. మామగారి గదిలో కొత్త ఫ్యాను బిగించే పని మీవారితోనే చేయించండి. ఆ సాయంత్రం ఏసీ కట్టేసిన దగ్గర నుంచి తండ్రి గదిలోకి వెళ్లడానికి ఆయనకు మొహం చెల్లడం లేదని మీ ఉత్తరంలో ఒకచోట ఉంది. నిచ్చెన వేసుకుని అరగంట ఆ గదిలో పనిచేస్తే తండ్రీకొడుకులు ఏదో ఒక మాట మాట్లాడుకుంటారు. అత్తగారికి రెండో మీటరు లేదని ఆ రోజే చెప్పేయండి, నిర్ణయం అదే అయితే. పైన వేరుగా వండుకోవాలన్న కోరిక మీ మనసులో నిజంగా ఉంటే మాత్రం, దాన్ని కరెంటు బిల్లు వెనక దాచకుండా ఇంకో ఉత్తరం రాయండి. ఆ విషయం వేరు, దానికి వేరేగా జవాబు ఇస్తాను.